షార్త్ర్‌ను చూడాలంటే ఒక రాత్రి అక్కడే ఉండండి

ఈ నెల ప్రయాణాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఊరి గురించి అడిగినవి. అది పారిస్‌కు నైరుతిగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న షార్త్ర్. నేను యానాంలో పుట్టి పెరిగి, ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా అబ్బాయి కాపురం షార్త్ర్ వెళ్లే రైలు మార్గంలోనే, రాంబుయే అనే ఊళ్లో. అక్కడికి వెళ్లినప్పుడల్లా షార్త్ర్ రైలెక్కకుండా తిరిగిరాను. అంత ఇష్టమైన ఊరి గురించి అడిగితే పొదుపుగా చెప్పడం నాకు చేతకాదు కాబట్టి, మిగతా ఉత్తరాలకు వచ్చే నెల జవాబిస్తాను.

గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు: మా అమ్మాయి పారిస్‌లో ఉద్యోగం చేస్తోంది. జూన్‌లో మేమిద్దరం మూడు వారాలు వెళుతున్నాం. పారిస్‌తో పాటు ఒక చిన్న పాత ఊరు నిదానంగా చూడాలని కోరిక. షార్త్ర్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చని అమ్మాయి అంటోంది. సరిపోతుందా? మావారు చరిత్ర లెక్చరర్‌గా చేశారు, ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మేం శాకాహారులం. హిందువులం కాబట్టి చర్చిలో ఎలా మసలుకోవాలో కూడా చెప్పండి.

అమ్మా, మీ అమ్మాయి చెప్పినట్టు పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంట, గంటంపావులో దిగుతారు. చాలామంది అలాగే చేస్తారు. పదిన్నరకు దిగి, ఊరికి పేరు తెచ్చిన కేథడ్రల్‌ను, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చిని, ఒక చుట్టు చుట్టి, భోంచేసి, మూడింటి రైలెక్కుతారు. వాళ్లు చూసేది ఆ ఊళ్లో సగమే. మీ చేతిలో మూడు వారాలున్నాయి. ఒక రాత్రి అక్కడ ఉండండి, వీలైతే రెండు.

ఎందుకంటే, షార్త్ర్ కేథడ్రల్‌ను చూపించేది ఎండ. అందులో 170కి పైగా రంగు గాజు కిటికీలున్నాయి. ఎక్కువ భాగం 12, 13 శతాబ్దాలవి. ఐరోపాలో ఇంత పాత గాజు ఇంత మొత్తంలో ఒకే కప్పు కింద మిగలడం చాలా అరుదు. పొద్దున ఎండ బలిపీఠం వెనుక కిటికీల మీద పడుతుంది. మధ్యాహ్నానికి దక్షిణం వైపుకు తిరుగుతుంది. సాయంత్రం పడమటి గోడ వెలుగుతుంది. ఉత్తరం వైపు గులాబీ పువ్వు ఆకారపు పెద్ద గుండ్రని కిటికీ రోజులో ఎక్కువసేపు నీడలోనే ఉండి, ముదురు నీలంతో నిలకడగా కనిపిస్తుంది. మబ్బు పట్టిందా, అన్నీ మారిపోతాయి. రెండు గంటలు చూసి వచ్చినవాళ్లకు ఈ కిటికీల ముఖాల్లో ఒకటే తెలుస్తుంది.

అందుకని మధ్యాహ్నం రైలుకు బయలుదేరండి. పారిస్ చుట్టుపక్కల తిరగడానికి తీసుకునే నావిగో పాస్ ఈ రైలు మార్గంలో రాంబుయే ప్రాంతం దాకానే పనికొస్తుంది. షార్త్ర్ వేరే ప్రాంతం కిందికి వస్తుంది కనుక దానికి విడిగా టికెట్టు కొనాలి. చేతిలో పాస్ ఉందిగదా అని కూర్చుని జరిమానా కట్టినవాళ్లను చూశాను. దారిలో మేఁత్‌నోఁ స్టేషన్ వచ్చేటప్పుడు కిటికీ పక్కన ఉండమని మీవారితో చెప్పండి. వెర్సాయ్ కోటలోని ఫౌంటెన్ల కోసం అర్ నది నీళ్లు మళ్లించాలని 14వ లూయీ 1685లో మొదలుపెట్టించి, యుద్ధం రావడంతో 1688లో వదిలేసిన నీటి వంతెన శిథిలం ఆ ఊళ్లోనే ఉంది. అది దాటాక బోస్ మైదానం. జూన్‌లో గోధుమ చేలు పచ్చదనం వదిలి పసుపు తిరుగుతుంటాయి. షార్త్ర్ దగ్గర పడుతుండగా కేథడ్రల్ శిఖరాలు రెండూ పైకి లేస్తాయి. రెండూ ఒకలా ఉండవు. దక్షిణపుది 12వ శతాబ్దిది, ఏ అలంకారమూ లేకుండా నిటారుగా 105 మీటర్ల ఎత్తుంటుంది. ఉత్తరపు శిఖరం 1506లో పిడుగుపడి కాలిపోతే, మళ్లీ రాతితో అల్లికలా చెక్కి మరికాస్త ఎత్తు లేపారు. నాకు ఆ సాదా శిఖరమే ఇష్టం.

స్టేషన్ నుంచి కేథడ్రల్‌కు పది నిమిషాల నడక. బస రెండింటికీ మధ్యలో చూసుకోండి. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినచోట్ల లిఫ్టు ఉండకపోవచ్చు, గది బుక్ చేసేముందే అడిగి తెలుసుకోవాలి. సామాను గదిలో పెట్టి, నాలుగున్నర ప్రాంతంలో లోపలికి వెళ్లండి. ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. పడమటి ద్వారం దాటి పది అడుగులు వేసి వెనక్కి తిరగండి. పైన మూడు పొడవాటి కిటికీలు కనిపిస్తాయి. 1194లో అగ్నిప్రమాదం జరిగి పాత కేథడ్రల్ చాలావరకు కాలిపోయినప్పుడు ఈ పడమటి ముఖం మిగిలింది, దానితోపాటు ఈ గాజూ మిగిలింది. కుడివైపుది బైబిల్లోని దావీదు రాజు తండ్రి యెష్షయి వంశవృక్షం. పడుకుని ఉన్న యెష్షయి నుంచి చెట్టు మొలిచి, కొమ్మకొక రాజు చొప్పున మరియమాత దాకా, పైన క్రీస్తు దాకా పోతుంది. షార్త్ర్ నీలం అని ప్రపంచమంతా చెప్పుకునే నీలం ఇదే. గాజు కరిగించేటప్పుడే కోబాల్టు కలిపితే వచ్చిన రంగు. జూన్ సాయంత్రం ఎండ వెనుక నుంచి తగులుతున్నప్పుడు దాని ముందు ఎంతసేపైనా కూర్చోవచ్చు. కుర్చీలు ఉంటాయి.

బైనాక్యులర్ తప్పకుండా తీసుకెళ్లండి. గైడు పుస్తకం మరిచిపోయినా ఫరవాలేదు, ఇది మరవద్దు. ఈ కిటికీలను ఎక్కువగా కింది నుంచి పైకి చదవాలి. చాలా కిటికీల అడుగున పనిచేసుకునే మనుషులు కనిపిస్తారు: చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, బండి చక్రాలు చేసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు. ఆ కిటికీలు ఆయా వృత్తులవాళ్లే ఇచ్చారని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. డబ్బు నిజంగా వాళ్లదేనా అని చరిత్రకారులు వాదించుకుంటున్నారు, మీవారికి ఆ వాదం నచ్చుతుంది. డబ్బు ఎవరిదైనా, ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెప్పులు కుట్టే మనిషి వంచిన తలను, చేతిలోని తోలును చూడగలగడం నాకు రాజుల బొమ్మల కన్నా ఎక్కువ. దక్షిణం వైపు, ఏసు చెప్పిన మంచి సమరయుని కథ ఉన్న కిటికీ అడుగున వెతకండి, అక్కడున్నారు.

మీవారికి మరో మూడు విషయాలు. 1939లో యుద్ధం ముంచుకొస్తోందని ఈ గాజునంతా ఊడదీసి, పెట్టెల్లో సర్ది, తర్వాత దూరంగా దొర్దోన్య ప్రాంతానికి తరలించి దాచారు. మనం ఈరోజు చూస్తున్నది ఆ పెట్టెల్లోంచి తిరిగి వచ్చిన గాజు. 1944 ఆగస్టు 16న ఊళ్లో పోరాటం జరుగుతుండగా, శిఖరాల మీద జర్మన్ సైనికులు పొంచి ఉన్నారనే అనుమానంతో అమెరికన్ సేనలు కేథడ్రల్ మీద ఫిరంగులు పేల్చే ప్రమాదం వచ్చింది. వెల్‌బోర్న్ గ్రిఫిత్ అనే అమెరికన్ కర్నల్ స్వయంగా లోపలికి వెళ్లి, పైకెక్కి చూసి, ఎవరూ లేరని చెప్పాడు. ఫిరంగులు ఆగాయి. ఆయన అదే రోజు పక్కనే ఉన్న లేవ్ అనే ఊళ్లో జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచి ప్రతిఘటన నాయకుడు జాఁ మూలేఁ 1940లో ఈ ఊళ్లోనే ప్రిఫెక్టుగా, అంటే ప్రభుత్వం నియమించిన జిల్లా అధికారిగా ఉన్నాడు. ఫ్రెంచి సైన్యంలోని నల్లజాతి సైనికుల మీద అబద్ధపు నేరం మోపే కాగితం మీద సంతకం పెట్టమని జర్మన్లు కొట్టినా పెట్టలేదు. ఊళ్లో ఆయన స్మారకం ఉంది, విరిగిన కత్తిని పట్టుకున్న చేయి. అక్కడ కాసేపు నిలబడండి.

మోకాలి సంగతి. కేథడ్రల్ చుట్టూ ఉన్న పై ఊరు నడవడానికి కష్టం కాదు, రాళ్లు పరిచిన వీధులు కాబట్టి మెత్తని అడుగున్న బూట్లు చాలు. శిఖరం ఎక్కే ఇరుకు మెట్లు మాత్రం ఆయనకు వద్దు. కింది ఊరు అర్ నది ఒడ్డున ఉంది. పాత రాతి వంతెనలు, తోళ్లు శుద్ధి చేసినవాళ్ల ఇళ్లు, నది అంచున బట్టలుతికే రేవులు, చూడవలసినవే. పై నుంచి కిందికి దారులు నిటారుగా, మెట్లతో ఉంటాయి. అందుకని టాక్సీలో గానీ, ఫిలిబుస్ అని పిలిచే ఊరి బస్సులో గానీ కిందికి వెళ్లండి. నది వెంబడి దారి చదునే. అక్కడి నుంచి తలెత్తితే కేథడ్రల్ కొండ మీద ఓడలా కనిపిస్తుంది. తిరిగి రావడం కూడా బండిలోనే.

రాత్రి ఉండమనడానికి ఇంకో కారణం ఉంది. వసంతం నుంచి కొత్త సంవత్సరం దాకా ప్రతి రాత్రీ కేథడ్రల్ ముఖం మీద, ఊళ్లోని పాత కట్టడాల మీద రంగుల వెలుగు బొమ్మలు వేస్తారు. ఉచితం. జూన్‌లో రాత్రి పది దాటితే గానీ చీకటి పడదు. పారిస్ తిరిగి వెళ్లాలన్న తొందర ఉన్నవాళ్లకు ఇది దక్కదు. పడమటి ద్వారం మీది శిల్పాల అసలు రంగులు ఎలా ఉండేవో ఊహించి వెలుగుతోనే పూసి చూపిస్తారు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, రాత్రికి ఒక శాలువా కప్పుకుని వెళ్లండి, జూన్‌లోనూ చలి వేస్తుంది.

తిండి విషయంలో ముందుగా తెలుసుకోవలసింది వేళ. మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ ఏడు తర్వాతే వెలిగిస్తారు. ఆదివారం, సోమవారం మూసి ఉండే కొట్లు ఎక్కువ. ఊరి పేరుతో ప్రసిద్ధమైన షార్త్ర్ పతే మాంసంతో చేసేది. కూరగాయల సలాడ్ అన్నా అందులో సన్నగా తరిగిన పంది మాంసం ముక్కలు వేయవచ్చు, సూపులో ఎముకల రసం ఉండవచ్చు. మాంసం, చేప, రెండూ తిననని మీ అమ్మాయి చేత ఫ్రెంచిలో ఒక కాగితం మీద రాయించుకుని చూపించండి, ఏమీ అనుకోరు. గోధుమ కాని బక్‌వీట్ పిండితో పోసే గాలెత్ అనే అట్టు దొరికే చోటు వెతకండి. చీజు, పుట్టగొడుగులు, ఆకుకూరతో ఇస్తారు. గుడ్డు తినకపోతే ముందే చెప్పాలి, అలవాటుగా మధ్యలో కొట్టి పోస్తారు. శనివారం పొద్దున్నే బియార్ కూడలిలో సంత జరుగుతుంది. వేడి రొట్టె, మేక పాల చీజు, జూన్ కదా, చెర్రీలు కొనుక్కుంటే ఒక పూట గడిచిపోతుంది. అమ్మాయి కోసం నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చడి మూట కట్టవద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపాలోకి తీసుకురానివ్వరు. మామిడికాయ ఆవకాయకు ఆ నిషేధం వర్తించదు.

ఇక చర్చిలో పద్ధతి. చెప్పులు విడవక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీస్తారు. భుజాలు కప్పుకుని ఉంటే మర్యాద. దివ్యబలిపూజ (మాస్) జరుగుతుంటే కిటికీలు చూస్తూ తిరగకూడదు, కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. ఆ పూజలో పంచే రొట్టె, దివ్యసత్ప్రసాదం, తీసుకోవడానికి మాత్రం వరుసలోకి వెళ్లకండి, అది బాప్తిస్మం పొందిన కథోలికులకు. కొవ్వొత్తి వెలిగించాలనిపిస్తే పెట్టెలో డబ్బులు వేసి వెలిగించండి. గుంటూరులో మీ ఇరుగుపొరుగున కథోలికులు ఉండే ఉంటారు, వాళ్లకు ఈ గుడి పేరు చెప్పి చూడండి. మరియమాత ధరించినదని నమ్మే వస్త్రం ఇక్కడుంది. 9వ శతాబ్దిలో రాజు చార్లెస్ ఇచ్చాడని చెబుతారు. 1194 మంటల్లో అదీ కాలిపోయిందనుకుని ఊరు ఏడ్చింది. భూగృహంలో భద్రంగా దొరికేసరికి మళ్లీ కట్టాలన్న పట్టుదల వచ్చింది. ఒక్క తరంలోనే కేథడ్రల్ చాలావరకు లేచింది, 1260లో ప్రతిష్ఠించారు.

వీలుంటే శుక్రవారం కలిసొచ్చేట్టు చూసుకోండి. హాలు మధ్య నేల మీద 13వ శతాబ్ది ఆరంభంలో పరిచిన గుండ్రని రాతి దారి ఉంది. అడ్డం సుమారు 13 మీటర్లు. మిగతా రోజుల్లో దాని మీద కుర్చీలు పేర్చి ఉంటాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలం నుంచి నవంబరు 1న వచ్చే సకల పునీతుల పండుగ దాకా శుక్రవారాల్లో వాటిని తీసేసి నడవనిస్తారు. తప్పుదారులేమీ ఉండవు, ఒకటే దారి, మెలికలు తిరుగుతూ మధ్యకు చేరుస్తుంది. మొత్తం 260 మీటర్లకు పైగా ఉంటుంది. మెట్లు లేవు కనుక మీవారు నిదానంగా నడవవచ్చు. ముందున్నవాళ్లను తోసుకుపోకుండా వాళ్ల వెనకే వెళ్లండి.

హైదరాబాద్ నుంచి ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి: షార్త్ర్ కేథడ్రల్ లోపలి గోడలకు తెల్ల రంగు వేసి పాడుచేశారని చదివాను. ఇప్పుడు వెళ్లడం దండగా?

దండగ కాదు నాయనా. అయితే నీ ప్రశ్నలో బాధ ఉంది, అది నాకూ తెలుసు. మొదట వాస్తవం. వందల ఏళ్ల కొవ్వొత్తుల పొగ, మసి గోడలకు పట్టి లోపలంతా నల్లబడింది. 2009 ప్రాంతం నుంచి సాగిన పనిలో ఆ మసి కింద 13వ శతాబ్దపు సున్నపు పూత బయటపడింది. లేత పసుపు రంగు మీద తెల్లగీతలతో రాళ్ల అతుకులు గీసిన పూత. దాన్ని శుభ్రం చేసి, పోయినచోట పూడ్చారు. అంటే కొత్తగా ఊహించి వేసిన రంగు కాదు. చీకట్లో గాజు మండినట్టు కనిపించేది, ఇప్పుడు గోడల వెలుగు దానితో పోటీ పడుతోంది అన్నది విమర్శకుల మాట. ఆ చీకటిని చూసినదాన్ని, దాని కోసం బెంగపడుతున్నాను. కానీ కట్టినవాళ్లు కోరుకున్నది చీకటి కాదని ఆ పూతే సాక్ష్యం చెబుతోంది. నువ్వు అక్కడ పావుగంట కళ్లు అలవాటు పడేదాకా కూర్చో, తర్వాత కప్పు కింద రాతి కమానుల గీతలు చూడు. మసి ఉన్నప్పుడు అవి కనపడేవే కావు.

నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. స్తంభపు మాత అని పిలిచే మరియమాత చెక్క విగ్రహం. 16వ శతాబ్దిది. తరతరాలుగా జనం నల్లని తల్లిగా మొక్కిన ముఖానికి లేత రంగు వేశారు. అడుగున అసలు రంగు అదేనన్నారు. గోడకు ఆ వాదన చెల్లుతుంది, మొక్కే విగ్రహానికి చెల్లదని నా అభిప్రాయం. ఆ నలుపు మొక్కినవాళ్లది కూడా. నువ్వు చూసి నీ అభిప్రాయం నాకు రాయి. పైకప్పు సంగతీ కనుక్కో. 1836లో కలప కప్పు కాలిపోతే ఇనుప చట్రం వేసి రాగి రేకులు కప్పారు. ఇప్పుడు బయటి నుంచి పచ్చగా కనిపించేది ఆ రాగే. పాత గుడి మీద అంత తొందరగా ఇనుము ఎక్కించడం ఆ రోజుల్లో పెద్ద సాహసం.

జర్మనీ, స్టుట్‌గార్ట్ నుంచి ఒక ఇంజినీరు: పారిస్‌కు నాలుగు రోజులు వస్తున్నాం. ఏడేళ్ల పాప ఉంది. ఒక రోజు బయటికి వెళ్లాలంటే షార్త్ర్ మేలా, మోఁ సేఁ మిషెల్ మేలా?

ఒక్కరోజే అయితే షార్త్ర్. సముద్రంలో రాతి దిబ్బ మీద పాత మఠం ఉన్న మోఁ సేఁ మిషెల్ గొప్పదే, కానీ పారిస్ నుంచి పోను దాదాపు నాలుగు గంటలు, రాను అంతే. పాప రైల్లోనే అలిసిపోతుంది. షార్త్ర్‌లో పాపకు పికాసియెత్ ఇల్లు చూపించండి. రేమోఁ ఇసిదోర్ అనే శ్మశానవాటిక పనివాడు దారిలో దొరికిన పగిలిన పింగాణీ ముక్కలు, గాజు పెంకులు ఏరుకొచ్చి, 1930ల చివర నుంచి ఏళ్ల తరబడి తన ఇంటికి అతికించాడు. గోడలకే కాదు, మంచానికి, పొయ్యికి, కుట్టు మిషనుకు కూడా. షార్త్ర్ కేథడ్రల్ బొమ్మ కూడా వేసుకున్నాడు. జనం నవ్వారు. ఆయన 1964లో పోయాడు, ఇప్పుడా ఇల్లు రక్షిత కట్టడం. చలికాలంలో మూసి ఉంటుంది, ఊరి నడిబొడ్డు నుంచి కాస్త దూరం, బస్సులో వెళ్లండి. కేథడ్రల్‌లో పాపకు బైనాక్యులర్ ఇచ్చి చెప్పులు కుట్టేవాళ్లను, రొట్టెలవాళ్లను వెతకమనండి.

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు: మా తమ్ముడు పారిస్ దగ్గర ఉంటాడు. అతని ఇంట్లో ఉండి, షార్త్ర్ కూడా చూడాలని ఉంది. వీసాకు అతని ఉత్తరం సరిపోతుందా?

మామూలు ఉత్తరం సరిపోదండీ. మీరు అతని ఇంట్లో ఉంటామంటే, అతను తన ఊరి మునిసిపల్ కార్యాలయం నుంచి ఆతిథ్య ధ్రువపత్రం తీసుకుని అసలు కాగితం మీకు పంపాలి. దీనికి అపాయింట్‌మెంటు, ఇంటి కాగితాలు కావాలి, కొన్నిచోట్ల వారాలు పడుతుంది. అందుకే మొదటి పని అదే. షార్త్ర్‌లో ఉండే రాత్రులకు హోటల్ బుకింగ్ విడిగా జత చేయండి, రోజువారీ ప్రణాళికలో తేదీలు దానితో సరిపోవాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము దానికి అదనం. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. వేసవి సెలవుల ముందు హైదరాబాద్ కేంద్రంలో తేదీలు దొరకడం కష్టం, జూన్‌లో వెళ్లాలంటే ఫిబ్రవరిలోనే కాగితాలు సిద్ధం చేసుకోండి. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ మరుసటి సోమవారం మాత్రం షార్త్ర్‌లో గది కోసం చూడకండి. పారిస్ నుంచి నడిచి వచ్చే వేలాది యాత్రికులతో ఆ వారాంతం ఊరు నిండిపోతుంది.